పిచ్చి డాక్టరు ఆఖరి భాగం

కామందు కొడుకు మా ఇంటికి టీవీ చూడటానికి వస్తానన్న రోజున నేను హాలు రెండుసార్లు తుడిచాను. మర్యాద కోసం కాదు. పగ తీర్చుకునే చోటు శుభ్రంగా ఉండాలనిపించింది. నాకు యాభై దగ్గర పడుతున్నాయి. హైస్కూల్లో ఫిజిక్సు చెబుతాను, ఆదివారం చర్చిలో రెండో వరసలో కూర్చుంటాను. ఇలాంటి మాట అనకూడదని తెలుసు. అయినా అంటున్నాను. ఆ ఇంటి మీద నా కోపం నాతోపాటే పెరిగింది, నాతోపాటే చదువుకుంది, నాతోపాటే అమలాపురం వచ్చి సొంతిల్లు కట్టుకుంది.

ఊళ్లో అందరూ ఆయన్ని కామందుగారు అనేవారు. మా పేట వాళ్లు ఆ మాట అనేటప్పుడు గొంతు కూడా తగ్గించేవారు. నేనిక్కడ గారు తగిలించను. ఆయన మా నాన్నను ఎన్నడూ ఒరేయ్ అని తప్ప పిలవలేదు కాబట్టి ఆ మాత్రం బాకీ ఉంచుకుంటాను.

మా ఊరు కొత్తపేటకు కొంచెం దూరంలో, కాలువ గట్టు మీద ఉంటుంది. ఊళ్లోకి మొదటి టీవీ కామందు ఇంటికే వచ్చింది. చెక్కపెట్టె, ముందు జారుడు తలుపులు, లోపల నలుపు తెలుపు బొమ్మ. టీవీ అయితే వచ్చింది గానీ బొమ్మ రాలేదు. రిలే కేంద్రం ఎక్కడో దూరాన ఉంది, మధ్యలో ఎటు చూసినా కొబ్బరితోటలే. మేడ మీద ఇనప గొట్టం పాతి యాంటెనా కట్టించారు. తెర మీద చుక్కలు తప్ప ఏమీ లేవు. అప్పుడు మా నాన్నను పిలిచారు.

నాన్న దింపు కార్మికుడు. కొబ్బరిచెట్లెక్కి గెలలు కోసి దింపడం ఆయన పని. కామందు దొడ్లో అన్నిటికన్నా ఎత్తయిన చెట్టు చూసుకుని, వెదురుబొంగుకు యాంటెనా కట్టి, కాళ్లకు బంధం వేసుకుని పైకెక్కి, చెట్టు తలలో మొవ్వు పక్కన ఆ బొంగును బిగించాడు. రిబ్బనులాగా చదునుగా ఉండే వైరు చెట్టు పొడుగునా దిగి కిటికీలోంచి ఇంట్లోకి వెళ్లింది. నాన్న పైనుంచి "వచ్చిందాండీ?" అని అరిచేవాడు. కింద నుంచి "రాలేదు, ఇంకొంచెం" అనేవారు. వేలెడు ఇటు, అరవేలెడు అటు. కాసేపటికి ఇంట్లోంచి కేకలు వినబడ్డాయి. బొమ్మ వచ్చింది.

ఆ రోజుతో నాన్నకు కొత్త పేరొచ్చింది. ఎక్కడ టీవీ కొన్నా ఆయన కోసం కబురు వచ్చేది. ముమ్మిడివరం వైపు నుంచి కూడా సైకిలు మీద వచ్చి తీసుకెళ్లేవారు. యాంటెనా ఆయనే కట్టాలండీ, ఆయన చేతికి దిక్కు తెలుస్తుందండీ అనేవారు. ఆ మాట విన్నప్పుడు నాన్న తల వంచుకునేవాడు గానీ, ఇంటికొచ్చాక నాకూ మా అమ్మకూ రెండేసి సార్లు చెప్పేవాడు. టీవీ షాపతను ఆయనకు నేర్పిన సంగతులు కూడా నాకు అప్పచెప్పేవాడు. వైరులో రెండు తీగలుంటాయి, అవి ఒకదాన్నొకటి తాకకూడదు, తాకితే బొమ్మ చచ్చిపోతుంది. నేను నేర్చుకున్న మొదటి ఫిజిక్సు పాఠం అదే.

చెట్టు మీద కట్టిన యాంటెనా స్థిరంగా ఎలా ఉంటుంది? సముద్రం గాలి కొడితే చెట్టు ఊగుతుంది, బొంగు జరుగుతుంది, బొమ్మ మీద ఈగలు ముసురుతాయి. ఇంకెక్కడివాళ్లయినా గొట్టం పొడుగు పెంచుకునేవారేమో. మావాళ్లు మనిషిని ఎక్కించారు. ముఖ్యమైన ప్రోగ్రాం వచ్చినప్పుడల్లా నాన్న చెట్టు మీద కూర్చుని యాంటెనాను చేత్తో పట్టుకోవాలి. ఆ ముఖ్యమైన ప్రోగ్రాం ఆదివారం పొద్దున్న వచ్చేది. సరిగ్గా మాకు చర్చిలో ప్రసంగం సగంలో ఉండే వేళకు.

కామందు పాలేరు చర్చి గేటు దగ్గర నిలబడి దగ్గేవాడు. నాన్న బైబిలు మూసి లేచేవాడు. పాస్టరుగారు మాట ఆపి, నాన్న గుమ్మం దాటేదాకా ఆయన వీపు వైపే చూసేవారు. వెనకే నేను. చెట్టు మొదట్లో నాన్న ఆదివారపు తెల్లచొక్కా విప్పి, నాలుగు మడతలు వేసి నా చేతికిచ్చేవాడు. "మట్టి అంటనీకమ్మా" అని పైకెక్కేవాడు. నేను ఆ చొక్కా పట్టుకుని కిటికీ దగ్గరకు పరుగెత్తేదాన్ని. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, నేనూ అడగలేదు. కిటికీ ఊచల్లోంచి తెర ముప్పాతిక వంతు కనబడేది. ఆ ముప్పాతికే నా ప్రపంచం.

అది ఎప్పుడో తీసిన పాత విదేశీ సీరియల్. ఒక ఓడ, ఓడకో కెప్టెను, పొట్టి జుట్టుతో తుపాకీ పేల్చే ఒకావిడ, ఎప్పుడూ చిరాకుపడే ముసలి వంటవాడు. వారానికో దీవి. నిధులు, తుఫానులు, కత్తియుద్ధాలు. మాటలు హిందీలో పెట్టారు. ఊళ్లో ఎవరికీ హిందీ రాదు. కామందు మాత్రం తనకు వచ్చినట్టు పడక్కుర్చీలోంచి కథ చెప్పేవాడు. చెప్పినదొకటి, తెర మీద జరిగేదొకటి. ఆయన చచ్చిపోయాడన్న మనిషి మరుసటి వారం వచ్చి అన్నం తినేవాడు. అయినా ఎవరూ నవ్వేవారు కాదు.

ఉన్నట్టుండి ఆ సీరియల్ రంగు మారింది. నిధులు పోయాయి, ఎండ పోయింది. ఓడ ఒక చీకటి దీవిలో ఆగింది. అక్కడ రాతి మేడలో ఒక డాక్టరు. తెల్లకోటు, నిక్కబొడుచుకున్న జుట్టు, రెప్ప వెయ్యని కళ్లు. మేడ కింద నేలమాళిగలో గాజు కూజాలు బుడబుడలాడుతుంటాయి. రెండు కుర్చీలుంటాయి. ఒక దానిలో డాక్టరు కూర్చుంటాడు, రెండోదానిలో పట్టుకొచ్చిన ఓడ కూలీని కట్టేస్తాడు. ఇద్దరి తలలకూ వైర్లు. మీట కిందికి లాగితే కూలీ ఒంట్లో బలమంతా వైరులోంచి డాక్టరు ఒంట్లోకి పోతుంది. కూలీ జుట్టు నెరిసి, బుగ్గలు లోపలికి పోయి, వేళ్లు ముడుచుకుపోతాయి. డాక్టరు ముడతలు పోయి కుర్రాడిలా లేచి నిలబడతాడు. ఇందులో అర్థం చేసుకోవడానికి హిందీ ఎందుకు? నాన్న చెట్టు మీద, వైరు చెట్టు పొడుగునా, కామందు కుర్చీలో. నాకు పదకొండేళ్లే గానీ కళ్లున్నాయి.

మూడో వారం కెప్టెనే ఆ కుర్చీలో పడ్డాడు. పట్టీలు బిగించారు. డాక్టరు చెయ్యి మీట మీద పడింది. నాకు తెలియకుండానే నా గొంతులోంచి కేక వచ్చింది. లోపల కామందు పెళ్లాం ఉలిక్కిపడి చేతిలో కాఫీ చీర మీద ఒలకబోసుకుంది. అందరూ టీవీ వదిలి నా వైపు చూశారు.

"ఎవరే అది? కిటికీకి అతుక్కుని నిలబడి మసి పూస్తోంది. మూసెయ్యండి ఆ రెక్క," అన్నాడు కామందు.

మూసింది కొడుకే. నాకన్నా ఒక తరగతి పైన చదివేవాడు. నా వేళ్లు ఊచల మీద ఉన్నాయని చూశాడో లేదో ఇప్పటికీ తెలియదు. రెక్క వచ్చి పడింది. కుడిచేతి మధ్యవేలు గోరు అక్కడికక్కడే నల్లబడింది. చొక్కా మీద రక్తం పడకుండా చెయ్యి వెనక్కి పెట్టుకుని చెట్టు దగ్గరకు నడిచాను. పైన నాన్న మొవ్వులో ముడుచుకుని, రెండు చేతులతో బొంగు పట్టుకుని కూర్చున్నాడు. గాలికి చెట్టు తల ఊగుతోంది.

"బొమ్మ బాగా వస్తోందామ్మా?" అని అరిచాడు.

"బాగా వస్తోంది నాన్నా" అన్నాను.

ఇంటికెళ్లేదాకా ఆ వేలు నోట్లో పెట్టుకుని ఒక్కటే అనుకున్నాను. మీకు ఆఖరి భాగం లేకుండా చేస్తాను. నాకు లేనిది మీకూ ఉండకూడదు. పిల్లల కోపానికి లెక్కలు రావంటారు గానీ, నేను వారం రోజులు లెక్కలే వేశాను. గాలి ఉంటే నాన్నను ఎక్కిస్తారు, గాలి లేకపోతే ఎక్కించరు. గాలి లేకుండా చూడు దేవా అని ప్రతి పూటా ప్రార్థన చేశాను. మా అమ్మ నా భక్తికి మురిసిపోయింది.

దేవుడు విన్నాడు. ఆ ఆదివారం ఆకు కదలలేదు, సన్నగా తుంపర పడుతోంది. పాలేరు రాలేదు. నాన్న బెంచీ మీద నిశ్చింతగా కూర్చుని పాట పాడుతున్నాడు. నేను కడుపునొప్పి అని చెప్పి బయటపడి కామందు దొడ్లోకి పరుగెత్తాను. కిటికీ మూసే ఉంది. లోపల జనం ఎక్కువగా ఉన్నట్టు చప్పుడు. పిచ్చి డాక్టరు సంగతి తేలిపోతుందని, రాజోలు నుంచి బావమరుదుల్ని కూడా పిలిపించారట. మొదటి సంగీతం అయిపోయేదాకా ఆగాను. కొంచెం రుచి చూడనిచ్చి అప్పుడు లాక్కోవాలి. తరువాత లంగా బొందులో దాచిన గుండుసూది తీసి, నా తల ఎత్తున చెట్టుకు ఆనుకున్న వైరులో అడ్డంగా గుచ్చాను. రెండు తీగలూ కలిశాయి. పోయి, వలిచి పడేసిన కొబ్బరిడొక్కల గుట్ట వెనక దాక్కున్నాను.

లోపల గోల మొదలైంది. అంత సంతోషం నాకు అంతకుముందు తెలియదు, తరువాతా తెలియదు. చెవులారా విన్నాను. కామందు అరుపులు, బావమరుదుల సణుగుళ్లు, ఎవరో టీవీ నెత్తిన కొడుతున్న చప్పుడు. ఇంకా అరవండి, ఇంకా అరవండి అనుకున్నాను.

అప్పుడు పాలేరు చర్చి వైపు పరుగెత్తడం కనబడింది.

వారం రోజులు లెక్కలు వేసిన నాకు ఆ ఒక్కటీ తోచలేదు. బొమ్మ పోతే వాళ్లు వైరు చూడరు, టీవీ చూడరు. మా నాన్నను పిలుస్తారు. టీవీ వాళ్లది, ఇల్లు వాళ్లది, వాటిలో తప్పుండదు. తప్పంటూ ఉంటే చెట్టు మీదే ఉంటుంది. ఊరు ఊరంతటికీ అదే నమ్మకం, నాన్నకు కూడా.

నాన్న వచ్చాడు. చొక్కా విప్పి, మడత పెట్టి, ఇవ్వడానికి నా కోసం అటూ ఇటూ చూశాడు. నేను డొక్కల వెనకే ఉన్నాను. చివరికి దాన్ని గుట్ట మీద పెట్టి, తుంపరలో తడిసి జారుతున్న చెట్టెక్కాడు. టీవీ దగ్గర ఒకరు తప్ప ఇంట్లోవాళ్లందరూ బయటికి వచ్చి చెట్టు చుట్టూ నిలబడ్డారు. సూది ఉన్న చోటికి ఒక బావమరిది భుజం ఆనించి నిలబడ్డాడు. నాన్న పై ముడి విప్పి మళ్లీ బిగించాడు. బొంగు నాలుగు దిక్కులా తిప్పాడు. "వచ్చిందాండీ?" అన్నాడు. రాలేదు. "ఇప్పుడండీ?" రాలేదు. మళ్లీ. మళ్లీ. అరగంట. గొంతు బొంగురుపోయింది. ఆయన అలా అడుగుతున్న కొద్దీ నేను డొక్కల వెనక ఇంకా ముడుచుకున్నాను. నాలుగు అడుగులు వేసి, నేను చేశానండీ అంటే అయిపోయేది. వెయ్యలేదు. కామందంటే భయం, దెబ్బలంటే భయం. అంతకన్నా సిగ్గుపడవలసిన మాట ఇంకోటుంది. లోపల ఒక మూల, ఆఖరి భాగం అయిపోయేదాకా బొమ్మ రాకూడదని ఇంకా కోరుకుంటూనే ఉన్నాను.

అయిపోయింది. నాన్న దిగాడు. మోకాళ్లు గీసుకుపోయి ఉన్నాయి. బావమరుదుల ముందు కామందు పరువు పోయింది, అది ఎవరి మీదో ఒకరి మీద వెయ్యాలి.

"నీ చేతిలో పని చచ్చిపోయిందిరా. ఇంక నా దొడ్లో చెట్టెక్కకు," అన్నాడు.

"ఏమయిందో తెలీటం లేదండి. దిక్కు సరిగ్గానే పెట్టేనండి," అన్నాడు నాన్న.

"పెడితే రావాలి కదరా. పో."

నాన్న "ఆయ్" అని తలూపాడు. తడిసిన చొక్కా తొడుక్కుని వెళ్లిపోయాడు. అందరూ లోపలికి పోయాక నేను సూది పీకేశాను. భయంతో పీకాను, ఇంకేమీ ఆలోచించలేదు. మధ్యాహ్నం కామందు పక్క ఊరి నుంచి ఇంకో దింపు మనిషిని రప్పించాడు. అతను ఎక్కి, బొంగును ఊరికే ముట్టుకుని "వచ్చిందాండీ?" అన్నాడు. బొమ్మ అద్దంలా వచ్చింది. మా నాన్న చెయ్యి పోయిందనడానికి ఊరికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేకపోయింది.

కామందు తోటల్లో దింపు పోయింది. ఆయన్ని చూసి మిగతావాళ్లూ నాన్నను పిలవడం మానేశారు. యాంటెనా కోసం సైకిళ్లు రావడం ఆగిపోయింది. నాన్న ఒక నెల చూసి, కొబ్బరికాయలు వలిచే షెడ్డులో చేరాడు. గునపం నేలలో నిలబెట్టి, దాని మొన మీద కాయ పొడిచి డొక్క తీసే పని. పొద్దుటి నుంచి నడుము వంచి నేల మీదే. ఒకసారి అమ్మతో అంటుంటే విన్నాను. "చెయ్యి కాదేమోనే, కన్నేమో. దిక్కు తెలీడం మానేసింది నాకు" అన్నాడు. ఆ తరువాత ఆయన ఏ చెట్టూ ఎక్కలేదు. మా దొడ్లో చెట్టుకు కూడా మనిషిని పిలిచేవాడు.

నేను చెప్పలేదు. రేపు చెబుదామనుకున్నాను, పదో తరగతి అయ్యాక చెబుదామనుకున్నాను, ఉద్యోగం వచ్చాక చెబుదామనుకున్నాను. చెప్పకుండా ఉండటానికి ఒక సులువు దొరికింది. కామందును తిట్టుకోవడం. ఆ మనిషిని ఎంత తిట్టుకుంటే నేను చేసింది అంత చిన్నదయ్యేది. కసితో చదివాను. కామందు కొడుకు ఇంటరు తప్పినప్పుడు నేను జిల్లాలో మంచి మార్కులు తెచ్చుకుని, వాళ్ల వీధిలోంచి కావాలని నడిచి వెళ్లాను. ప్రతి ప్రమోషనుకూ మనసులో కామందును ఆ కుర్చీలో కూర్చోబెట్టి, పట్టీలు బిగించి, మీట లాగేదాన్ని. ఆరేళ్ల క్రితం కామందు పోయాడని ఫోను వచ్చింది. ఆ రోజు మా ఇంట్లో కోడి పలావు వండాను. నాన్న మాత్రం తెల్లచొక్కా వేసుకుని బస్సెక్కి వెళ్లి, శ్మశానం దాకా నడిచి వచ్చాడు. నేను ఆయనతో రెండు రోజులు మాట్లాడలేదు.

మొన్న వేసవి సెలవుల్లో ఆ సీరియల్ ఇంటర్నెట్టులో కనబడింది. ఎవరో పుణ్యాత్ముడు పాత టేపుల్లోంచి ఎక్కించాడు. తలుపు గడియ వేసుకుని ఆఖరి భాగం చూశాను. కెప్టెను పట్టీలు తెంపుకుంటాడు, వైరు పీకేస్తాడు, డాక్టరు తన మిషను తనమీద పడి ముసలివాడై కూలిపోతాడు. మేడ తగలబడుతుంది. గోడలు అట్టముక్కలని తెలుస్తూనే ఉంది, ఒకటి ముట్టుకోకుండానే ఊగింది. డాక్టరు విగ్గు కింద అసలు జుట్టు కనబడుతోంది. ఇందుకా అనిపించింది. ఈ అట్టముక్కల కోసమా మా నాన్న నేల మీదికి దిగిపోయాడు అనిపించి, ఆ కోపం కూడా పోయిన కామందు ఖాతాలోనే వేశాను.

ఆ నెలలోనే మా హైస్కూలు పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో కామందు కొడుకు రాశాడు. చిన్నప్పుడు ఓడ సీరియల్ వచ్చేదండీ, పిచ్చి డాక్టరు కథ చివర మా ఇంట్లో టీవీ పోయి చూడలేదు, ఎవరికైనా గుర్తుందా అని. చదవగానే నా ఒళ్లు వేడెక్కింది. అంటే ఆ సూది ఇంకా దిగబడే ఉంది. ముప్పై ఏళ్లు దాటినా మనిషి అది తలుచుకుంటున్నాడు. లింకు పంపితే అర నిమిషం పని. పంపలేదు. నా దగ్గరుంది, మా ఇంటికొస్తే చూపిస్తాను అని రాశాను.

నా పథకం చిన్నదే. డాక్టరు చెయ్యి మీట మీద పడేదాకా చూపించాలి. అక్కడ టీవీ కట్టేయాలి. అప్పుడు చెప్పాలి, ఇది మీకు లేకుండా చేసింది నేనే, ఇవాళ కూడా లేదు, దయచేయండి అని. పాఠం తయారు చేసుకున్నట్టు వాక్యం వాక్యం తయారు చేసుకున్నాను.

శనివారం మధ్యాహ్నం వచ్చాడు. నడినెత్తి బోడి, మోకాలి నొప్పి, చేతిలో ఆత్రేయపురం పూతరేకుల పెట్టె. "టీచరుగారండీ, లోపలికి రావచ్చాండి?" అన్నాడు గుమ్మం బయటే చెప్పులు వదిలి. ఆ మాటకే సగం సరదా తీరింది నాకు. రమ్మన్నాను. గొంతు విని నాన్న తన గదిలోంచి వచ్చాడు. తెల్లచొక్కా వేసుకుని మరీ వచ్చాడు. "బాబుగారా! బాగున్నారాండి?" అని నిలబడే ఉన్నాడు. "కూర్చోండి నాన్నా" అన్నాను గట్టిగా. ఆయన కుర్చీ అంచున కూర్చున్నాడు. నాన్నకు చెవులు మందగించాయి. టీవీ మోగుతుంటే పక్కన మాట్లాడినా వినబడదు. అందుకే ఆయన అక్కడ ఉంటే ఇబ్బందనిపించలేదు.

సీరియల్ మొదలైంది. నాన్న కాసేపు చూసి, "ఇదేనామ్మా ఆ బొమ్మ?" అని అడిగాడు. రెండేళ్లు చెట్టు మీద కూర్చుని చేతులతో పట్టుకున్న బొమ్మను ఆయన చూడటం అదే మొదటిసారి. "ఆయ్, ఇదేనండి బాబాయిగారూ," అని కామందు కొడుకు ఆయన చెవి దగ్గర వంగి చెప్పాడు. బాబాయిగారూ అన్నాడు. నా ఒళ్లు మండిపోయింది. ఇప్పుడు గుర్తొచ్చిందా వరస అనుకున్నాను.

కెప్టెనుకు పట్టీలు బిగించారు. సంగీతం హోరెత్తింది. కామందు కొడుకు కుర్చీలో ముందుకు జరిగాడు, నోరు కొంచెం తెరుచుకుంది. డాక్టరు చెయ్యి మీట మీద పడింది. నేను రిమోటు నొక్కాను.

హాలు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది.

"ఇక్కడితో సరి. ఆ రోజు మీకు ఇది పోగొట్టింది కూడా నేనే. వైరులో గుండుసూది గుచ్చాను. మీ నాన్న నన్ను కిటికీ దగ్గర నుంచి తరిమాడు, మీరు నా వేళ్ల మీద రెక్క మూశారు. అందుకే గుచ్చాను. మీవాళ్లెవరికీ వైరు చూడాలని కూడా తోచలేదు. చూడరని నాకు తెలుసు." ఊపిరి తీసుకోకుండా చెప్పాను. ఎన్నేళ్లుగానో దాచుకున్నది అలా వచ్చేసింది. చెబుతున్నంతసేపూ కడుపు నిండిపోయినట్టుంది.

కామందు కొడుకు తొడ మీద చరుచుకుని నవ్వాడు. దెప్పే నవ్వు కాదు, కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. "మీరాండీ! ఓరి నాయనో! మా నాన్నగారు పోయేదాకా ఆ ఆదివారం తలుచుకుని తిట్టేరండి. వేళ్లు నలిగేయని నాకు నిజంగా తెలీదండి టీచరుగారూ, క్షమించండి. ఇంతకీ ఆ కెప్టెను బతికేడా లేదా అదొక్కటీ చెప్పండి." నవ్వుతూనే చేతులు జోడించాడు. నా పగకు తగలడానికి అక్కడ ఏమీ లేదు. నేను ఇంకేదో అనబోయాను.

"సూదా?" అన్న మాట వినబడింది.

నాన్న నా వైపు తిరిగి ఉన్నాడు. టీవీ ఆగిపోయాక ఆయనకు వినబడుతుందన్న సంగతి నేను మరిచిపోయాను. టీవీ ఆపాలని అన్ని రోజులు అనుకున్నానే గానీ, ఆపితే ఆయన వింటాడని తోచలేదు.

"సూది గుచ్చేవా వైరుకి?"

"అవును నాన్నా."

"అయితే యాంటెనా సరిగ్గానే ఉందా?"

"ఉంది నాన్నా."

"దిక్కు తప్పలేదా?"

"లేదు. మీరు సరిగ్గానే కట్టారు."

ఆయన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వాటి వైపు చూశాడు. కాయలు వలిచి వలిచి బొటనవేళ్లు వంకరపోయాయి. కామందు కొడుకు నవ్వు ఆపేశాడు. నేను నాన్న కుర్చీ దగ్గర నేల మీద కూర్చున్నాను. తిట్టమని, కొట్టమని అనాలనుంది. కామందును అడ్డం పెట్టుకుని ఇన్నేళ్లూ తప్పించుకున్నది ఈ మొహం చూడటాన్నే అని తెలిసిపోయింది. ఇంక తిట్టుకోవడానికి నాకు ఎవరూ మిగల్లేదు.

నాన్న నెమ్మదిగా, కోపం లేకుండానే అన్నాడు.

"కామందుగారుండగా చెప్పవలసిందమ్మా."